కేజీ రోడ్డు: కర్నూలు నుంచి దోర్నాల దాకా

(నందికొట్కూరులో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని ఎత్తి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకు రండప్పా, ఈ పక్క బెంచీ ఖాళీగానే ఉంది. పిల్లలు కింద చాప మీద కూర్చుంటారులే. అమ్మా, మీరు ఆ ఫ్యాను కిందికి జరగండి.

ఇక్కడి నుంచి బయటికి పోయి రెండు సందులు దాటితే రోడ్డు తగులుతుంది. ఆ రోడ్డు పేరేమి? చెప్పండి, గట్టిగా. కేజీ రోడ్డు. కేజీ అంటే? కర్నూలు–గుంటూరు. సరిగ్గా చెప్పినారు. కానీ ఒక్క మాట అడుగుతాను. రోజుకు పదిసార్లు ఆ పేరు అంటాం కదా, అన్నప్పుడు మనకెవరికైనా గుంటూరు గుర్తుకొస్తుందా? రాదు. పొలం రాయించేటప్పుడు చెక్కుబందీలో "ఉత్తరం: కేజీ రోడ్డు" అని రాయిస్తాం. ఇల్లు ఎక్కడయ్యా అంటే "కేజీ రోడ్డు పక్కనే" అంటాం. ఆ రోడ్డు మన పెరటి గోడ మాదిరి అయిపోయింది. గోడకు కూడా ఒక కథ ఉంటుంది, కట్టినవాళ్ళు ఉంటారు అనే సంగతి ఇట్లాంటప్పుడే మనం మర్చిపోతాం.

నేను ఈ రోజు చెప్పాలనుకున్నది ఒకటే. ఈ రోడ్డుకు గుంటూరు పేరు తర్వాత వచ్చింది. మొదట ఇది శ్రీశైలం నడిచిపోయే జనం దారి. ఆ తర్వాత నల్లమలకు ఈ పక్క, ఆ పక్క ఉన్న మన జిల్లాను కలిపి కుట్టిన దారం. అది మన జిల్లా రోడ్డు. ఆ దారం ఎప్పుడు వేసినారు, ఎప్పుడు తెగింది, దాని కోసం ఎవరెవరు ఎండలో మాడినారు అనేది నాకు తెలిసినంత వరకూ చెప్తాను.

ముందు దారి చూద్దాం. కర్నూలులో బయలుదేరండి. వెంకాయపల్లె ఎల్లమ్మకు దండం పెట్టుకుని ముందుకొస్తే గార్గేయపురం, ఆ చెరువు. తర్వాత బ్రాహ్మణకొట్కూరు, తర్వాత మన నందికొట్కూరు. ముప్పై కిలోమీటర్ల లెక్క. ఇక్కడి దాకా ఎక్కువగా నల్లరేగడి. రేగడి మీద రోడ్డు వేయడమంటే ఏమిటో ఇంజనీర్లను అడగండి, చెప్తారు. వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది, పైన ఎంత తారు పోసినా కింద నేల కదులుతూనే ఉంటుంది. మన రోడ్డు ఎన్నిసార్లు వేసినా అలల మాదిరి లేస్తుందే, దానికి సగం కారణం ఆ నేల.

నందికొట్కూరు దాటితే జూపాడు బంగ్లా. ఈ పేరు చూడండి. దారిన పోయే అధికారులు దిగే బంగళా పేరు ఊరికి అంటుకుంది, ఆ ఊరి పేరు మండలానికి అంటుకుంది. ఆ చుట్టుపక్కలే తర్తూరు. తర్తూరు జాతరలో మంచం కొనని ఇల్లు ఈ తాలూకాలో ఉందా? ఉండదు. ఇంకొంచెం ముందుకు పోతే పోతిరెడ్డిపాడు నుంచి బానకచెర్లకు పోయే పెద్ద కాలువ రోడ్డును అడ్డంగా కోస్తుంది. కృష్ణ నీళ్ళు మన రోడ్డు కిందుగా దక్షిణానికి పోతాయి. ఆగస్టులో గేట్లు ఎత్తినప్పుడు బస్సు ఆ వంతెన ఎక్కితే లోపల మాటలన్నీ ఆగిపోయి, అందరి తలలూ కిటికీ వైపు తిరుగుతాయి. నేను ఎన్నోసార్లు గమనించినాను.

ఆ తర్వాత ఆత్మకూరు. కర్నూలు నుంచి డెబ్బై కిలోమీటర్లు ఉంటుంది. ఆత్మకూరు దాకా మైదానం. ఆత్మకూరు దాటినాక ఎదురుగా నల్లమల గోడ. బైర్లూటి దగ్గర అడవి చెక్‌పోస్టు. అక్కడి నుంచి రోడ్డు కనుమ ఎక్కుతుంది, రోళ్ళపెంట మీదుగా మలుపులు తిరిగి తిరిగి అవతల దోర్నాలలో దిగుతుంది. ఆత్మకూరు నుంచి దోర్నాలకు అరవై పైచిలుకు కిలోమీటర్లు, దాదాపు అంతా అడవే. దోర్నాల నుంచి తోకపల్లె, త్రిపురాంతకం, వినుకొండ, నరసరావుపేట, చివరికి గుంటూరు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది, పిల్లలూ, పటం తీసి చూడండి. శ్రీశైలం ఆత్మకూరుకు ఈశాన్యంగా ఉంటుంది. పక్షి ఎగిరిపోతే నలభై కిలోమీటర్లు కూడా లేదు. మన బస్సు ఎట్లా పోతుంది? తూర్పుగా దోర్నాల దాకా పోయి, అక్కడ ఎడమకు తిరిగి, మళ్ళీ వెనక్కు కొండెక్కుతుంది. నూటపది కిలోమీటర్లు! కొండను చుట్టుకొని వెనక వాకిలి గుండా ఇంట్లోకి పోయినట్టు.

మరి ముందు వాకిలి ఏది? అదే అసలు దారి.

ఆత్మకూరు పక్క నుంచి నాగలూటి. నాగలూటిలో వీరభద్రస్వామి గుడి. అక్కడి నుంచి మెట్లు ఎక్కి పెద్దచెరువు, మన నోట్లో పెచ్చెరువు. తర్వాత భీముని కొలను. అక్కడ లోయలోకి మెట్లు దిగాల, అవతలి గట్టుకు మెట్లు ఎక్కాల. ఎక్కితే కైలాసద్వారం, దాని తర్వాత మల్లన్న. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించినవాడు ప్రోలయ వేమారెడ్డి అని శాసనాలు చెప్తున్నాయి. అద్దంకి రెడ్డిరాజు, 14వ శతాబ్దం. అంటే ఏడువందల ఏళ్ళ నుంచి జనం ఎక్కుతున్నారు. ఆ మెట్లు ఎక్కినవాళ్ళు చేతులెత్తండి. చూడండి, ఎంతమంది ఉన్నారో! నేను మూడుసార్లు పోయినాను. భీముని కొలను దగ్గర రాతి మెట్ల నడుమ భాగం గిన్నె మాదిరి గుంట పడి ఉంటుంది. వానకు పడిన గుంట కాదు అది, కాళ్ళకు పడింది. వాన నీళ్ళు అందులో నిలిస్తే అద్దం మాదిరి మెరుస్తాయి. నేను కూర్చుని ఆ గుంటలో అరచెయ్యి పెట్టి చూసినాను, మడమ ఎంత వెడల్పో అంత ఉంది.

1830లో ఏనుగుల వీరాస్వామయ్య అని మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాష మాటను ఇంకో భాషలో చెప్పే ఉద్యోగి, పల్లకీలో కాశీకి బయలుదేరి ఈ దిక్కుగా వచ్చినాడు. కడప, అహోబిలం, మహానంది చూసుకుని ఆత్మకూరు చేరి, ఇదే నాగలూటి దారిన శ్రీశైలం ఎక్కినాడు. తాను చూసిందంతా రాసి పెట్టినాడు. అప్పుడు ఈ నేల కందనూరు నవాబుది. కందనూరు అంటే మన కర్నూలే. శ్రీశైలం పోయే యాత్రికుల దగ్గర నవాబు మనుషులు సుంకం వసూలు చేసేవాళ్ళని ఆయన రాసినాడు. గుడి బాగు మాత్రం ఎవరికీ పట్టలేదని బాధపడినాడు. దాదాపు రెండువందల ఏళ్ళ కిందటి మాట. ఇక్కడి ఊళ్ళ పేర్లన్నీ ఒక తెలుగువాడు కళ్ళారా చూసి రాసిపెట్టడం మనకు ఎంత పెద్ద ఆస్తో ఆలోచించండి.

ఆ నడక ఇప్పటికీ ఆగలేదు. ఉగాది ముందు వారం పది రోజులు ఈ రోడ్డు పక్కన నిలబడితే మీకే తెలుస్తుంది. కర్ణాటక నుంచి కన్నడ భక్తులు వేలకు వేలు నడిచి వస్తారు. ఆదోని, ఎమ్మిగనూరు, కర్నూలు, మన నందికొట్కూరు, ఆత్మకూరు, అక్కడి నుంచి అడవి. కొందరు మరకాళ్ళు కట్టుకుని నడుస్తారు, నేల మీద పాదం మోపకుండా. వాళ్ళకు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు, మల్లయ్య అల్లుడు. పుట్టింటివాళ్ళు కూతురికి చీరె, పసుపూ కుంకుమా పట్టుకుపోయినట్టు పట్టుకుపోతారు. మనవాళ్ళు రోడ్డు పొడుగూతా పందిళ్ళు వేసి మజ్జిగ, అన్నం పెడతారు. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ఉగాదికి ముందు రెండు కడవల మజ్జిగ వాకిట్లో పెట్టేది. వాళ్ళ మాట ఆమెకు రాదు, ఆమె మాట వాళ్ళకు రాదు. "తాగు నాయనా" అంటే తాగేవాళ్ళు. కాళ్ళు బొబ్బలెక్కిన ముసలమ్మ ఒకామె మా అరుగు మీద కూర్చుని ఏడ్చింది ఒకసారి, నాకు బాగా గుర్తు. మా అమ్మ వేడినీళ్ళల్లో ఉప్పేసి ఆమె కాళ్ళు ముంచింది. తెల్లారి లేచి చూస్తే లేదు, పోయింది, నడుచుకుంటూనే పోయింది.

సరే, నడిచేవాళ్ళ సంగతి అది. బండి దారి సంగతి వేరు. నల్లమలను బండితో దాటాలంటే పాతకాలంలో ముఖ్యంగా రెండు కనుమలు. నంద్యాల నుంచి గిద్దలూరుకు నందికనుమ. ఆత్మకూరు నుంచి దోర్నాలకు మంత్రాలకనుమ. మన రోడ్డు ఈ రెండోది. బండ్ల కంటే ముందు ఎద్దుల మీద సరుకు పోయేది. లంబాడీల బిడారులు కోస్తా ఉప్పు మెట్ట సీమలకు మోసింది ఇట్లాంటి కనుమల గుండానే. వందల ఎద్దులు, మెడలో గంటలు. ఈ కనుమల కాపలా ఎవరిది? చెంచులది. దొరల కాగితాల్లో వాళ్ళను ఘాట్ తలారులు అని రాసినారు. దారిన పోయేవాడి మూట పోకుండా చూసే బాధ్యత వాళ్ళ మీద పెట్టినారు. ఈ రోడ్డుకు మొట్టమొదటి ఉద్యోగస్తులు ఎవరంటే నేను చెంచులే అంటాను. ఏ రాయి మీదా వాళ్ళ పేరు లేదు.

ఇప్పుడు జిల్లా సంగతికి వస్తాను. ఇది కొంచెం శ్రద్ధగా వినండి, నా మాటకు కీలకం ఇదే.

1839లో కుంఫిణీ వాళ్ళు, అంటే ఈస్టిండియా కంపెనీ వాళ్ళు, కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకున్నారు. జొహరాపురం దగ్గర చిన్న యుద్ధం. ఆయన్ను తిరుచిరాపల్లికి పంపించినారు, సీమ కంపెనీ చేతికి వచ్చింది. దాదాపు ఇరవై ఏళ్ళు ఇది పూర్తి జిల్లా కాదు. 1858లో జిల్లా చేసినారు. చేసినప్పుడు ఏం చేసినారంటే, కడప జిల్లా నుంచి కోయిలకుంట్ల, కంభం, మార్కాపురం తాలూకాలు తెచ్చి ఇందులో కలిపినారు, బళ్ళారి నుంచి పత్తికొండ తెచ్చినారు. కంభం, మార్కాపురం ఎక్కడున్నాయి? నల్లమలకు అవతల! జిల్లా నడుమ ఒక మహారణ్యం. ఇవతల కలెక్టరు, అవతల రెండు తాలూకాలు. మార్కాపురంలో ఒక రైతుకు కర్నూలు కచేరీలో పని పడితే ఎట్లా రావాల? అడవి దాటి రావాల. కచేరీ కాగితం అడవి దాటి పోవాల. ఖజానా డబ్బు అడవి దాటి రావాల. అందుకే ఈ కనుమ దారి జిల్లాకు నరం అయింది. గుంటూరు కోసం కాదు నాయనా, దోర్నాల కోసం, మార్కాపురం కోసం.

అప్పటి రోడ్డు అంటే మట్టి, గరుసు, కంకర. ఆ కంకర ఎవరు కొట్టినారు? 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు మీరు విన్నారు కదా, ధాత కరువు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు. మద్రాసు రాజధాని మొత్తంలో దెబ్బ తిన్న జిల్లాల్లో మనది ముందు వరుస. రైలు గుత్తి దాకా ఉంది. ధాన్యం గుత్తికి వచ్చేది. గుత్తి నుంచి ఇటు తోలడానికి బండ్లేవి? మేత లేక ఎద్దులు చచ్చిపోయినాయి. ధాన్యం ఒకచోట, ఆకలి ఒకచోట. రోడ్డు విలువ ఏమిటో ఈ జిల్లా నేర్చుకున్నది అప్పుడు. కరువు పనులు అన్నారు. కరువు పని అంటే ముఖ్యంగా రాళ్ళు కొట్టడం, మట్టి ఎత్తడం, చెరువు పూడిక తీయడం. ఎముకలు తేలిన మనుషులు సమ్మెట పట్టి కొట్టిన కంకర ఈ జిల్లా రోడ్ల కింద ఉంది. మనం దాని మీద బస్సులో పోతున్నాం.

ఆ తర్వాత రైలు వచ్చింది, గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు మీదుగా గుంటూరుకు. అది నందికనుమ దారి పట్టింది. బొగద సొరంగం అదే. దాంతో సరుకు చాలావరకు అటు తిరిగింది. మన కనుమ కొంచెం పలచబడింది. రైలు పోయిన చోట పట్నాలు పెరిగినాయి, మన పక్క అడవి అడవిగానే మిగిలింది. అది మంచికో చెడ్డకో మీరే ఆలోచించుకోండి. పులికి మాత్రం మంచే జరిగింది.

ఇక గుంటూరు పేరు. 1937 నవంబరులో కోస్తా నాయకులకూ రాయలసీమ నాయకులకూ నడుమ శ్రీబాగ్ ఒప్పందం జరిగింది. రాజధాని ఒక ప్రాంతంలో ఉంటే హైకోర్టు ఇంకో ప్రాంతంలో ఉండాలని అందులో ఒక మాట. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని మన కర్నూలు. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేసినారు, అవి చూసినవాళ్ళు ఈ మధ్య దాకా మన ఊళ్ళల్లో ఉన్నారు. మరుసటి సంవత్సరం, 1954 జూలైలో హైకోర్టు పెట్టినారు. ఎక్కడ? గుంటూరులో! ఇప్పుడు చూడండి. ఒక రాష్ట్రానికి రాజధాని ఈ కొసన, హైకోర్టు ఆ కొసన, నడుమ మన రోడ్డు. డోను పోయి రైలెక్కే దారి ఒకటి ఉంది నిజమే. కానీ నేరుగా పోయే రోడ్డు ఇదే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అంతా హైదరాబాదుకు పోయేదాకా, ఆ రెండేళ్ళ పైచిలుకు ఈ పల్లెటూరి రోడ్డు ఒక రాష్ట్రపు రెండు పెద్ద పీటల నడుమ నడిచింది. ఈ మాట మన పాఠ్యపుస్తకంలో లేదు. నేను బడిలో చెప్పినప్పుడల్లా పిల్లలు నిటారుగా కూర్చునేవాళ్ళు.

మా నాయన ఆ రోజుల్లోనే గ్యాంగులో చేరినాడు. రోడ్డు గ్యాంగు కూలీ. తెల్లవారుజామున గంప, పార, చలికె తీసుకుని పోయేవాడు. మోరీల్లో పూడిక తీయడం, పక్క మట్టి సర్దడం, గుంతల్లో గరుసు వేసి దిమ్మిసతో దిమ్మించడం, ఏడాదికోసారి చింతచెట్లకు సున్నం, జాజు పట్టీలు వేసి నంబరు రాయడం. చెట్టుకు నంబరు ఎందుకంటే కాయ వేలం వేస్తారు, ఏ చెట్టు ఎవరు పాడుకున్నారో తెలియాల. మా నాయనకు చదువు రాదు. నంబర్లు మాత్రం వచ్చు. నాకు అంకెలు ఆయనే నేర్పించినాడు, పలక మీద కాదు, చింతచెట్ల మీద.

తారు పని మాత్రం మర్చిపోలేను. ఎండాకాలం సెలవుల్లో నేను అంబలి తీసుకుని పోయేవాణ్ణి. రోడ్డు పక్క రాళ్ళ పొయ్యి, దాని మీద తారు పీపా, కింద కట్టెలు. తారు కరిగి బుడగలు వచ్చేటప్పుడు ఒక రకమైన నల్ల ఆవిరి లేస్తుంది, అది గొంతులో ఇనుము మాదిరి ఉంటుంది. ఆడవాళ్ళు గంపలతో చిప్స్ ఎత్తి వరుసగా చల్లుతారు. కాళ్ళకు చెప్పులు ఆగవు, కరిగిపోతాయి. అందుకని గోనెసంచి ముక్కలు పాదాలకు చుట్టి, సుతిలితాడు కట్టి, నీళ్ళల్లో ముంచి నడుస్తారు. నాలుగు అడుగులకు ఆరిపోతుంది, మళ్ళీ ముంచుకోవాల. మా నాయన చేతిలో కన్నాల డబ్బా ఉండేది, తారు పోసే డబ్బా. ఒకరోజు డబ్బా పిడి ఊడింది. కుడికాలి మీద పడింది. ఆసుపత్రికి తీసుకుపోయేదానికి బండి అడిగితే ఆ రోజు పైన ఉన్న మనిషి పని ఆగుతుందన్నాడు. సాయంత్రం దాకా గట్టున పడుకోబెట్టినారు. ఆ కాలు చచ్చేదాకా నల్లగానే ఉండింది. ఆయన ఒక్కనాడు ఎవర్నీ తిట్టలేదు. నేను పెద్దయినాక అడిగితే, "ఆ వంపు దగ్గర రోడ్డు పదహైదేండ్లు గుంత పడలేదు రా" అన్నాడు. అదీ ఆయన జవాబు.

ఆ వంపు ఎక్కడో ఇప్పటికీ నేను చూపించగలను.

1970 సంగతి చెప్పాల. ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడింది. తర్వాత ప్రకాశం పేరు పెట్టినారు. మార్కాపురం, కంభం, గిద్దలూరు మన జిల్లా నుంచి తీసి అందులో కలిపినారు. వాళ్ళకు ఒంగోలు దగ్గర, న్యాయమే. కానీ మన రోడ్డుకు ఏమైంది? నూటపన్నెండేళ్ళు జిల్లా లోపలి రోడ్డు, ఒక్క రోజుతో రెండు జిల్లాల నడుమ రోడ్డు అయిపోయింది. దాని పుట్టుకకు కారణం పోయింది, రోడ్డు మిగిలింది. దోర్నాల పక్క ముసలివాళ్ళు మొన్నమొన్నటి దాకా "జిల్లాకు పోయొస్తా" అంటే కర్నూలు అనే అర్థం. 2022 ఏప్రిల్ 4 నుంచి మనం కూడా నంద్యాల జిల్లా. అంటే కర్నూలులో బయలుదేరిన రోడ్డు గార్గేయపురం దాటేసరికే జిల్లా మారిపోతుంది. గీతలు మారుతుంటాయి. రోడ్డు కదలదు.

1981 కూడా ఈ రోడ్డు చూసింది. శ్రీశైలం జలాశయం నిండింది. అటు పాలమూరు, ఇటు మన జిల్లా, రెండు పక్కలా కలిపి వంద దాకా ఊళ్ళు మునిగినాయి. సంగమేశ్వరం మునిగింది. ఏడు నదులు కలిసే చోటు, వేపదారు లింగం. ఇప్పుడు ఎండాకాలం నీళ్ళు తగ్గితే గుడి బయటపడుతుంది, మళ్ళీ శ్రావణంలో లోపలికి పోతుంది. ఆ మునిగిన ఊళ్ళ జనం తలుపులు, దంతెలు ఊడదీసుకుని బండ్ల మీద ఎక్కించుకుని వచ్చింది ఈ రోడ్డు మీదికే. ఈ గదిలో ఆ ఇండ్లవాళ్ళు ఉన్నారు, నాకు తెలుసు. ముంపు ఇండ్లవాళ్ళకు ఇస్తామన్న 98 జీవో ఉద్యోగం కోసం ఎంత తిరిగినారో మీరు నాకు చెప్పనక్కరలేదు. నేను అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరినాను. ఏడో తరగతిలో ఒక పిల్లోడు ఊరి పేరు రాయమంటే రాయలేదు. ఏం రా అంటే, "సార్, పాతది రాయాలా, కొత్తది రాయాలా" అన్నాడు. నేను ఏం చెప్పాలో తెలియక పాతదే రాయమన్నాను.

ఇప్పటి రోడ్డు గురించి రెండు మాటలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన రోడ్డు ఎర్రగా ఉంటుంది. మిరప! మన రైతు మిరపకాయ గుంటూరు యార్డుకు పోవాల్సిందే, దారి ఇదే. గుంటూరు పేరుకు ఇవాళ నిజమైన అర్థం ఇచ్చేది మిరప టిక్కీలే, అంటే మిరప బస్తాలే. నాలుగేండ్ల కిందట మా బావమరిది సరుకుతో నేనూ లారీలో పోయినాను. ఎగుమతి ఆలస్యమైంది. బైర్లూటి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది, గేటు వేసేసినారు. ఇది పులుల అభయారణ్యం కదా, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు వదలరు. మా వెనక ఇంకా ఇరవై లారీలు. అందరూ చాపలు పరుచుకున్నారు. మా డ్రైవరు లారీ కింద కిరసనాయిలు స్టవ్ వెలిగించి అన్నం వండినాడు, మిరప ఘాటుకు తుమ్ముతూనే తిన్నాం. మా బావమరిదికి నిద్ర లేదు. "పొద్దున యార్డు మొదలయ్యేలోగా చేరకపోతే రేటు పోతుంది బావా" అని పదిసార్లు అన్నాడు. అతని బాధ నిజమైనది. ఒక రాత్రి ఆలస్యానికి రైతు డబ్బు కడతాడు.

పొద్దున ఆరుకు గేటు ఎత్తినారు. కనుమలో మూడో నాలుగో మలుపు దగ్గర డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు వేసి ఇంజను ఆపేసినాడు. దుప్పులు. తల్లి దాటింది, రెండు పిల్లలు దాటినాయి, ఇంకొక పిల్ల రోడ్డు నడిమధ్యలో నిలబడి మమ్మల్ని చూసింది. చెవులు మాత్రం కదుల్తున్నాయి. వెనక లారీలు ఒక్కటి హారను కొట్టలేదు. అంతసేపు రేటు రేటు అన్న మా బావమరిది కూడా గుసగుసగా "ఉండనీ, పోనీ" అన్నాడు. అది పోయినాకనే ఇంజను వేసినారు. నల్లమలను 1978లో అభయారణ్యం చేసి, 1983లో ప్రాజెక్టు టైగరులో చేర్చినారు. గేటు వద్దనేవాళ్ళు మనలో ఉన్నారు, నాకు తెలుసు. నేను గేటు ఉండాలనే అంటాను. రాత్రి ఆ తొమ్మిది గంటలు ఆ రోడ్డు వాటిది. పగలు మనది. దానికి బదులు ఆత్మకూరు దగ్గర రైతుకు రాత్రి నిలవడానికి ఒక షెడ్డు, నీళ్ళు, మరుగుదొడ్డి అడగాల. అది మన హక్కు, అది అడగకుండా పులితో తగువెందుకు? ఇంకొకటి, కనుమలో బస్సు కిటికీలోంచి కోతులకు అరటిపండ్లు విసరొద్దు. రోడ్డు మీదికి అవి వచ్చేది మన చేతి కోసమే, టైరు కింద పడేది దానికే.

చివరగా రాళ్ళ సంగతి. మొన్నటి దాకా ఇది రాష్ట్ర రహదారి. రాష్ట్ర రహదారి రాయికి తల మీద ఆకుపచ్చ రంగు ఉంటుంది. కర్నూలు నుంచి దోర్నాల దాకా దీన్ని జాతీయ రహదారి చేసినారు, 340సి అని నంబరిచ్చినారు. రాయి తల పసుపుపచ్చ అయింది. మంచిదే, డబ్బు వస్తుంది, వెడల్పు అవుతుంది. అడవిలో వెడల్పు చేయాలంటే మాత్రం వన్యప్రాణి బోర్డు ఒప్పుకోవాల, అది సులభం కాదు, కాకూడదు కూడా. మైదానంలో వెడల్పు పని జరిగే చోట ఏం పోతున్నాయో చూసినారా? చింతచెట్లు పోతున్నాయి. కిలోమీటర్లు రాకముందు పాతిన మైలురాళ్ళు పోతున్నాయి. కడప బండ మీద ఉలితో చెక్కిన అంకెలు. పొక్లెయిను ఒక్క ఊపుకు మట్టితో పాటు ఎత్తి అవతల పారేస్తుంది. ఒక రాయిని ఒకాయన బట్టలు ఉతికే బండగా వేసుకున్నాడు. నేను పోయి అడిగితే, "కావాలంటే తీసుకుపో సార్, అంకెల పక్క కిందికే ఉంది, పాడు కాలేదు" అన్నాడు. ఆ రాయిని ఈ గ్రంథాలయం ముందు నిలబెట్టుకుందామని పెద్దలను అడుగుతున్నాను. ఎక్కువ ఖర్చేమీ కాదు. ఒక ట్రాక్టరు, నలుగురు మనుషులు.

రాళ్ళు కనిపిస్తాయి కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుంటారు. పేర్లు కనిపించవు. బస్సు ఆగే చోట్లకు మన పెద్దలు పెట్టుకున్న పేర్లున్నాయి. ఆ మర్రి కింద, ఈ బావి కాడ, ఫలానా మోరీ, బండ్లు దిగబడే వంక. వాటిలో సగం నాకు మా నాయన చెప్పినాడు, మిగతా సగం మీ ఇండ్లల్లో ఉన్నాయి. అదిగో, తలుపు పక్క బల్ల మీద ఒక లాంగు నోటుబుక్కు పెట్టినాను. మొదటి పేజీలో కర్నూలు అని రాసినాను, చివరి పేజీలో దోర్నాల అని రాసినాను. నడుమ పేజీలు మీవి. పోయేటప్పుడు మీకు తెలిసిన ఒక్క పేరు రాసి పొండి, దాని పక్కన ఎవరు చెప్పినారో కూడా రాయండి. చదువు రానివాళ్ళు ఈ పిల్లలకు చెప్పండి, వాళ్ళు రాస్తారు. పిల్లలూ, మీరు పెన్నులు తీసుకుని ఆ బల్ల దగ్గరికి పొండి. ముందు ఆ అవ్వను అడగండి, ఆమెది పాత ముచ్చుమర్రి.